నీటిరంగుల క్లాసుల్లో తడి ఆరేదాకా చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆన్‌లైన్‌లో నీటిరంగులు నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది మూడో పాఠానికో నాలుగో పాఠానికో వచ్చేసరికి "ఇది నా చేతికి రాదులెండి" అని బ్రష్ పక్కన పెట్టేస్తున్నారు. వాళ్లు వేసిన బొమ్మలు చూస్తే చేతి తప్పులు తక్కువే. పల్చటి కాగితం, సుద్ద కలిసిన రంగు, ఆరీ ఆరకముందే పడిన రెండో పూత, ఇవే బొమ్మను పాడుచేస్తున్నాయి. మొదటి క్లాసులో ఓ అరగంట వీటికి కేటాయిస్తే సగం మంది నిలబడతారు. నీటిరంగులూ బట్టల డిజైనూ నేర్పే పనిలో ఉన్న మేం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. క్లాసులు నడిపేవాళ్లూ, డబ్బు కట్టి చేరేవాళ్లూ ఇద్దరూ చదవాలని మా కోరిక.

ముందు తడి సంగతి. నీటిరంగుల్లో సగం పని నీళ్లదే. బొమ్మకు తిన్నగా పైన బిగించిన కెమెరాలో కాగితం మీది నీటి మెరుపు కనపడదు. అది కనపడాలంటే తల వంచి, కిటికీ వెలుతురుకు ఎదురుగా కాగితాన్ని ఏటవాలుగా చూడాలి. ఆ కెమెరాలో బోర్డు వాలు కూడా తెలియదు. పాఠం చెప్పేవారి బోర్డు వెనక రెండంగుళాల ఎత్తు పెట్టి ఉంటుంది. నేర్చుకునేవారు డైనింగ్ టేబుల్ మీద కాగితాన్ని చదునుగా పరుచుకుని అదే పూత వేస్తారు. రంగు కిందికి జారదు, ఉన్నచోటే మడుగు కడుతుంది. పైగా ఆరడానికి పట్టిన సమయమంతా వీడియోలోంచి కత్తిరించేస్తారు. గంట పట్టిన బొమ్మ పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చూసేవారికి తెలిసే దారే లేదు. అందుకే క్లాసులు నడిపేవాళ్లను అడుగుతున్నాం: రెండో ఫోన్ ఒకటి బోర్డుకు పక్కగా, కాగితం కన్నా కాస్త ఎత్తులో పెట్టండి. ఫ్రేములో గడియారం ఉంచండి. ఆరే సమయం కత్తిరించక తప్పకపోతే, ఎన్ని నిమిషాలు తీసేశారో తెర మీద వేయండి.

తడి కాగితం నాలుగు దశల్లో ఆరుతుంది. మొదట నీళ్లు పైన నిలబడి అద్దంలా మెరుస్తాయి. తరవాత అవి లోపలికి ఇంకి, పట్టుబట్ట మీద ఉండేలాంటి మెత్తటి మెరుపు మిగులుతుంది. ఆపైన మెరుపు పూర్తిగా పోతుంది గానీ చేతి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం కూడా పోయాకే కాగితం ఆరినట్టు. రంగులోకి రంగు మెత్తగా పాకాలంటే రెండో దశలో పెట్టాలి. అంచు గట్టిగా తెగినట్టు రావాలంటే నాలుగో దశదాకా ఆగాలి. మూడో దశలో మాత్రం బ్రష్ కాగితానికి దూరంగా ఉండాలి. కొత్తవాళ్ల బొమ్మలు ఎక్కువగా చెడేది అక్కడే, ఎందుకంటే కంటికి అది ఆరిపోయినట్టే ఉంటుంది.

అక్కడ జరిగేది దగ్గరగా చూడండి. ఒక మామిడాకు వేశారనుకుందాం. మెరుపు పోయింది. ఈనె పక్కన రంగు పల్చబడిందనిపించి, బ్రష్ నీళ్లలో ముంచి, రంగు తీసుకుని ఒక చుక్క పెట్టారు. ఆ చుక్కలో నీళ్లు ఎక్కువ, కాగితంలో తక్కువ. కింద ఉన్న రంగు రేణువులు ఇంకా కాగితాన్ని పట్టుకోలేదు. కొత్త నీళ్లు పొడిగా ఉన్నవైపు పాకుతూ ఆ రేణువుల్ని తమ ముందు తోసుకుపోతాయి. ఎక్కడ ఆగితే అక్కడ రేణువులన్నీ గట్టులా పేరుకుంటాయి. పది నిమిషాలకు ఆకు మధ్యలో తెల్లటి మరక, చుట్టూ గోబీపువ్వు అంచులా వంకర్లు తిరిగిన ముదురు గీత. చాలామంది దీన్ని రుద్ది పోగొట్టబోతారు. దాంతో కాగితం పొట్టు లేచి ఆ మరక శాశ్వతంగా నిలిచిపోతుంది. కదపకుండా పూర్తిగా ఆరనిచ్చి, తడిపి పిండిన బ్రష్‌తో ఆ గట్టు అంచును మాత్రం మెల్లగా తడిపి, టిష్యూతో అద్దితే చాలావరకు పోతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే: తడి కాగితం మీద మళ్లీ పెట్టే బ్రష్ ఎప్పుడూ కాగితం కన్నా పొడిగా ఉండాలి.

రంగు ఎంత చిక్కగా కలపాలో చెప్పడానికి మన వంటింటి మాటలే చాలు. ఆకాశానికి మజ్జిగ తేట అంత పల్చన, మొదటి పూతలకు పాలంత, తడి మీద పెట్టే ముదురు రంగుకు మీగడంత, చివర్న పెట్టే చిన్న చిన్న గుర్తులకు వెన్నంత. మెరుస్తున్న కాగితం మీద పాల చిక్కదనం ఉన్న రంగు పెడితే అది పారిపోతుంది. అదే మీగడ చిక్కదనంతో పెడితే అంచు మెత్తబడి అక్కడే నిలుస్తుంది. ఇంకో సంగతి, నీటిరంగు ఆరాక లేతబడుతుంది. తడిలో "సరిగ్గా ఉంది" అనిపించిన రంగు ఆరాక వెలిసినట్టుంటుంది. కాబట్టి తడిగా ఉన్నప్పుడు కాస్త ముదురుగా అనిపించేటట్టే కలుపుకోవాలి.

మొదటి నాలుగు పాఠాల్లో బొమ్మ వద్దని మా అభిప్రాయం. పూతలే వేయించాలి. ఏడున్నర అంగుళాలకు పదకొండు అంగుళాల కాగితం ముక్క తీసుకుని నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో బోర్డుకు అంటించండి. బోర్డు పైఅంచు కింద రెండంగుళాల ఎత్తు పెట్టండి. ట్యూబులోంచి శనగగింజంత రంగు తీసి రెండు టీస్పూన్ల నీళ్లలో కలపండి. ఈ కొలత ముఖ్యం. పూత మధ్యలో రంగు అయిపోయి మళ్లీ కలపడానికి ఆగితే అక్కడ గీత పడిపోతుంది. అంగుళం వెడల్పు చదును బ్రష్‌ను నిండా ముంచి, పైన ఎడమ నుంచి కుడికి ఒకే గీత గీయండి. గీత కింది అంచున రంగునీళ్లు చిన్న గట్టులా నిలబడతాయి. రెండో గీత ఆ గట్టును తాకుతూ పోవాలి, దాని పైకి ఎక్కకూడదు. అలా చివరిదాకా గట్టును కిందికి దించుకుంటూ పోయి, ఆఖరున మిగిలిన నీళ్లను పిండిన బ్రష్‌తో పీల్చేయండి. వదిలేస్తే ఆ నీళ్లు వెనక్కి పాకి మళ్లీ మరక పడుతుంది. చారలు వస్తే రంగు తక్కువ ముంచారన్నమాట. బ్రష్ మళ్లీ పైకి తీసుకెళ్లి సరిచేయబోతే ఇంకా చెడుతుంది. పది ముక్కల మీద ఇది చేసినవారికి తరవాత ఆకాశం, గోడ, చీర కుచ్చిళ్లు ఏది వేసినా చెయ్యి తడబడదు.

కాగితం దగ్గర పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాం. డబ్బులు చాలకపోతే రంగుల సంఖ్య తగ్గించుకోండి, కాగితం స్థాయి తగ్గించకండి. స్కూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం తడి తగలగానే ఉబ్బుతుంది. పల్లాల్లో రంగు నిలిచి ముదురు మచ్చలు, మిట్టల మీద తెల్ల మచ్చలు వస్తాయి. కొనేటప్పుడు మూడు మాటలు చూడండి: వంద శాతం కాటన్, 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), కోల్డ్ ప్రెస్డ్ (పైభాగం కాస్త గరుకుగా ఉండేది). కలపగుజ్జు కాగితం మీద నీళ్లు తొందరగా ఆరిపోతాయి, రంగు పైపైనే కూర్చుంటుంది, రెండో పూత వేస్తే మొదటిది లేచి వస్తుంది. కాటన్ కాగితం తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, తప్పు దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. ఖరీదు ఎక్కువే, నిజం. అందుకే చిన్న పుస్తకాలు కాకుండా 22 అంగుళాలకు 30 అంగుళాల పెద్ద షీటు కొని కోసుకోండి. పొడవును నాలుగుగా, వెడల్పును రెండుగా చేస్తే ఎనిమిది ముక్కలు, వెడల్పును కూడా నాలుగుగా చేస్తే పదహారు. రెండు వైపులా వాడుకోవచ్చు. రంగుల చార్టులు, బ్రష్ గీతల సాధన మాత్రం చవక కాగితం మీదే చేసుకోండి.

రంగులు మొదట మూడు చాలు. ట్యూబు మీద సన్న అక్షరాల్లో పిగ్మెంటు (రంగుపొడి) కోడ్ ఉంటుంది, అదే రంగుకు అసలు పేరు. ముందున్న పెద్ద పేరు కంపెనీని బట్టి మారుతుంది, కోడ్ మారదు. నిమ్మ పసుపుకు పీవై 3, గులాబికి పీవీ 19, థాలో నీలానికి పీబీ 15. ఈ మూడింటితో ఆకుపచ్చలూ నారింజలూ ఊదాలూ అన్నీ వస్తాయి. తరవాత అల్ట్రామరీన్ నీలం పీబీ 29, బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు పీబీఆర్ 7 చేర్చుకోండి. ఈ రెండూ కలిస్తే వానమబ్బు బూడిదరంగు నుంచి దాదాపు నలుపుదాకా వస్తుంది, నల్లరంగు వేరే కొనక్కర్లేదు. ఒకే ట్యూబులో మూడు నాలుగు కోడ్‌లు ఉంటే అది ముందే కలిపేసిన రంగు. దానికి మీరు ఇంకో రంగు కలిపితే బురద తేలుతుంది. చవక రంగుబిళ్లల (కేకుల) పెట్టెలు ఇరవై నాలుగు రంగులతో కళ్లకు ఇంపుగా ఉంటాయి గానీ వాటిలో రంగు తక్కువ, పూరకం ఎక్కువ. అలిజరిన్ క్రిమ్సన్ అని పీఆర్ 83 ఉన్న ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుంది. గోడకు తగిలించే బొమ్మకు అది వద్దు.

బ్రష్‌లు రెండు చాలు: 8 నంబరు గుండ్రటిది, అంగుళం చదునుది. సింథటిక్ వెంట్రుకలవి చక్కగా పనిచేస్తాయి. తడిపి ఒకసారి విదిలిస్తే మొన తిరిగి సూదిలా కూడుకోవాలి, కొట్లో అంతే చూడాలి. నీళ్లకు రెండు డబ్బాలు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.

ఎండ, తేమ గురించి విదేశీ పాఠాల్లో పెద్దగా దొరకదు, అవి ఎక్కువగా చల్లటి ఊళ్లలో తీసినవి. మే నెలలో కర్నూలులోనో రామగుండంలోనో ఫ్యాను కింద కూర్చుని పూత వేస్తే సగం కాగితం దాటకముందే పైభాగం ఆరిపోతుంది. వీడియోలో ఐదు నిమిషాలు పట్టింది ఇక్కడ ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది, నేర్చుకునేవారు తమ చెయ్యి నిదానమని బాధపడతారు. ఫ్యాను ఆపండి, తెల్లవారుజామున వేయండి. కాగితాన్ని రెండు వైపులా తడిపి నున్నటి ప్లాస్టిక్ షీటు మీదో వంటింటి గ్రానైటు గట్టు మీదో పరిస్తే అది అంటుకుపోయి, అడుగు తడి చాలాసేపు పైభాగాన్ని ఆరనివ్వదు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం దీనికి తలకిందులు. పూత ఎంతకీ ఆరదు. మెరుపు ఉండగానే హెయిర్ డ్రయ్యర్ పెడితే గాలి రంగును తోసేసి మరకలు చేస్తుంది. మెరుపు పోయాకే, అడుగు దూరం నుంచి పెట్టాలి. వానాకాలంలో ఇంకో నష్టం కాగితానికే జరుగుతుంది. నీళ్లు వెంటనే పీల్చకుండా కాగితానికి జిగురు పూత పట్టించి ఉంటుంది. ఏళ్లతరబడి తేమలో ఉంటే అది పాడై, రంగు పెట్టగానే అక్కడక్కడా అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది. పూతలో ముదురు చుక్కలు తేలితే కారణం అదే, ఆ షీటును సాధనకు వాడేయండి. కాగితాన్ని పాలిథీన్ కవరులో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. రంగుల పెట్టెను తడి ఆరకుండా మూసేస్తే బూజు పడుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో తాగడానికి వాడే ఫిల్టరు నీళ్లతోనే రంగు కలపండి.

క్లాసులో చేరే ముందు ఒక ప్రశ్న అడగండి: మా బొమ్మలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకు జవాబిస్తారు? ఆ జవాబు రాని క్లాసుకు కట్టే డబ్బుతో మంచి కాగితం కొనుక్కోవడం మేలు, పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. బొమ్మ ఫొటో పంపేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడనిచోట తీయండి. టేపు తీశాక మిగిలిన తెల్ల అంచు ఫొటోలో కనపడాలి. ఫోన్ తెలుపును ఎటు మార్చిందో దాన్నిబట్టి చూసేవారికి తెలుస్తుంది. పక్కనుంచి ఏటవాలుగా ఇంకో ఫొటో తీస్తే కాగితం ఎంత ఉబ్బిందో, రుద్దిన చోటు ఏదో దొరికిపోతుంది. ఏ రంగులు కలిపారో వెనక రాసి దాన్నీ పంపండి.

తెర మీద ఎన్ని పాఠాలు చూసినా అసలు బొమ్మ ఒక్కటి దగ్గరగా చూడడం వేరు. 1897లో పుట్టి 1925లోనే పోయిన దామెర్ల రామారావు నీటిరంగుల చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఉన్నాయి. గోదావరి జిల్లాల వాళ్లకు బస్సు దూరం. ఒక్క చిత్రం ముందు పావుగంట నిలబడి, అంచు ఎక్కడ మెత్తబడిందో ఎక్కడ తెగిందో మాత్రమే చూసి రండి.

ఇక డిజైను. నీటిరంగులతో పూలూ ఆకులూ వేయడం వచ్చాక, వాటిని చీరల మీదికీ కుర్తా బట్టల మీదికీ దుప్పట్ల మీదికీ తీసుకెళ్లే ప్యాటర్న్ డిజైన్ క్లాసులు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. ఇళ్లల్లో ఉన్న ఆడవాళ్లకు ఇది సంపాదన దారి కూడా. కానీ చాలా క్లాసులు అందమైన బుటా, అంటే ఒక్క పువ్వో కొమ్మో, వేయించి అక్కడితో ఆపేస్తున్నాయి. బుటా ఎంత బాగున్నా, పక్కపక్కన పేర్చినప్పుడు అతుకు కనిపిస్తే అది డిజైను కాదు. అతుకు లేకుండా తిరిగి తిరిగి వచ్చే ఆ చతురస్రాన్ని రిపీట్ అంటారు, అసలు విద్య అదే.

మన వాళ్లకు ఇది కొత్త కాదు. "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క" అంటే ముగ్గు వేసే ఏ ఇల్లాలికైనా చెయ్యి దానంతట అదే కదులుతుంది. నడుమ ఏడు, దానికి అటూ ఇటూ ఆరు, ఐదు, నాలుగు. పై వరస చుక్క కింది వరసలోని రెండు చుక్కల సందులోకి వస్తుంది. ఎదురు చుక్క అయితే చుక్క కింద చుక్క. డిజైన్ క్లాసులో స్ట్రెయిట్ రిపీట్ అనేది ఎదురు చుక్కే. బ్రిక్ రిపీట్ అనేది సందు చుక్కే. ఆ సందు చుక్క ముగ్గును పావువంతు తిప్పి చూస్తే హాఫ్ డ్రాప్, అంటే పక్క నిలువు వరస సగం కిందికి జరగడం. బట్టల మీద హాఫ్ డ్రాప్ ఎందుకు ఎక్కువ వాడతారో కూడా ముగ్గే చెబుతుంది. ఎదురు చుక్కల్లో కన్ను అడ్డవరసల్నీ నిలువు వరసల్నీ వెంటనే పట్టేస్తుంది. సందు చుక్కల్లో చూపు ఏటవాలుగా పాకి, ఎక్కడ మొదలైందో తెలియదు. ఈ ఒక్క పోలిక చెబితే, గంట పాఠంలో అర్థం కానిది అమ్మమ్మలకు కూడా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

కంప్యూటర్ ముట్టుకునే ముందు కాగితంతో ఒకసారి చేయండి. ఎనిమిది అంగుళాల చతురస్రం మామూలు తెల్లకాగితం తీసుకోండి. నాలుగు మూలల వెనక 1, 2, 3, 4 అని రాసుకోండి. నడుమ పెన్సిల్‌తో పెద్ద పువ్వూ దాని చుట్టూ కొమ్మలూ వేయండి, ఏదీ అంచును తాకకూడదు. ఇప్పుడు స్కేలు పెట్టి కట్టర్‌తో నిలువుగా నాలుగంగుళాల దగ్గర కోసి, ఎడమ సగాన్ని కుడికీ కుడి సగాన్ని ఎడమకూ మార్చి వెనక టేపు వేయండి. మళ్లీ అడ్డంగా నాలుగంగుళాల దగ్గర కోసి, పైదాన్ని కిందికీ కిందిదాన్ని పైకీ మార్చి అంటించండి. ఇప్పుడు పువ్వు నాలుగు ముక్కలై మూలలకు చేరింది, నడుమ ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో చిన్న పూలు, మొగ్గలు నింపండి, మళ్లీ బయటి అంచును తాకకుండా. దీన్ని నాలుగు కాపీలు జిరాక్స్ తీసి పక్కపక్కన పెడితే అతుకు ఉండదు. కత్తెరతో కోస్తే ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా కాడలు విరిగినట్టు కనిపిస్తాయి. నీటిరంగు కాగితం మీద ఇది నేరుగా చేయకండి. తడికి ఆ కాగితం సాగుతుంది, ముక్కలు మళ్లీ కలవవు. పెన్సిల్‌తో రిపీట్ సరిచూసుకుని, కిటికీ అద్దానికి ఆనించి నీటిరంగు కాగితం మీదికి గీసుకుని, అప్పుడు రంగు వేయండి.

హాఫ్ డ్రాప్ అయితే లెక్క ఇలా: ఎనిమిది అంగుళాల చతురస్రంలో కుడి అంచున పైనుంచి రెండంగుళాల దగ్గర బయటికి పోయిన కొమ్మ, ఎడమ అంచున పైనుంచి ఆరంగుళాల దగ్గర లోపలికి రావాలి. చాలామంది రెండంగుళాల దగ్గరే తెచ్చి తెగిన కొమ్మతో తలపట్టుకుంటారు.

కంప్యూటర్‌లో చేసేవారికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. క్రిటా, జింప్ రెండూ ఉచితం. క్రిటాలో డబ్ల్యూ మీట నొక్కితే కాన్వాసు చుట్టూ దాని కాపీలే పరుచుకుంటాయి. గీసేటప్పుడే అతుకు కనపడుతుంది. జింప్‌లో ఆఫ్‌సెట్ అనే ఆదేశం కాగితం కోసి మార్చిన పనే చేస్తుంది. బొమ్మను ఫోన్‌తో ఫొటో తీయకుండా స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర స్కాన్ చేయండి. ఫోన్ లెన్సు అంచుల్ని వంచుతుంది, ఒక మూల చీకటిగా వస్తుంది. ఆ చీకటి మూల రిపీట్‌లో బట్టంతా గళ్లు గళ్లుగా తేలుతుంది. పన్నెండు అంగుళాల రిపీట్‌కు 300 డీపీఐ దగ్గర 3600 పిక్సెళ్లు కావాలి. సంఖ్య సరిసంఖ్య కావాలి. బేసి అయితే సగం జరిపేటప్పుడు ఒక పిక్సెల్ మిగిలి, ముద్రలో వెంట్రుకలాంటి తెల్లగీత వస్తుంది. స్ట్రెయిట్ రిపీట్ మాత్రమే తీసుకునే ముద్రణవాళ్లకు హాఫ్ డ్రాప్ ఇవ్వాలంటే రెండు నిలువు వరసల్ని కలిపి 7200కు 3600 ఫైలుగా ఇవ్వాలి.

స్కాన్ చేసిన నీటిరంగు బుటాను దాని వెనక తెల్లకాగితం నుంచి విడదీసేటప్పుడు కొత్తవాళ్లు ఒకే రంగున్న చోటంతా ఒక్కసారిగా ఎంచే మ్యాజిక్ వాండ్‌తో తెల్లను ఎంచి చెరిపేస్తారు. పువ్వు అంచున పల్చబడుతూ పోయే రంగు సగంలో తెగి, చుట్టూ తెల్ల అంచు మిగులుతుంది. ముదురు నేల (బట్ట అడుగు రంగు) మీద పెడితే అది దద్దురులా కనిపిస్తుంది. లేత నేల అయితే బుటా ఉన్న పొరను, కింది రంగుతో కలిసిపోయే మల్టిప్లై పద్ధతిలో పెడితే చాలు, తెలుపు దానంతటదే మాయమవుతుంది. ఏ బుటాకు ఆ బుటాను విడిగా తీసుకోగలిగేలా, కాగితం మీదే వాటిని ఒకదానికొకటి అంగుళం ఎడంగా, ఒకదాని మీద ఒకటి పడకుండా వేసుకోవాలి. పెద్దవి రెండు, మధ్యరకం మూడు, సందులు నింపే మొగ్గలూ చిన్న ఆకులూ ఓ ఐదారు ఉంటే బట్టంతా పరుచుకునే ఆల్ ఓవర్ డిజైను ఒకటి నిలబడుతుంది. పూర్తయ్యాక మూడు వరసలు మూడు నిలువులుగా పేర్చి, చిన్నది చేసి చూడండి. ఎక్కడో ఒక ఖాళీ బారుగా బాటలా సాగిపోతుంటుంది, లేదా ఒకే ఎర్రపువ్వు మెట్లలా కంటికి తగులుతుంటుంది. ఆ పువ్వును తిప్పడమో రంగు తగ్గించడమో చేయాలి. చివరగా అసలు కొలతలో ప్రింటు తీసి గోడకు పెట్టి ఆరడుగుల దూరం నుంచి చూడండి. తెరమీద ముచ్చటగా ఉన్న బుటా బట్ట మీద అరచేతంత అయి కూర్చోవడం మామూలే.

డిజైను ఎక్కడికి పోతుందో ముందే తెలుసుకుని గీయాలి. డిజిటల్ ప్రింటింగ్ అయితే నీటిరంగు పల్చదనమంతా బట్ట మీదికి వస్తుంది, అర మీటరు శాంపిల్ వేయించి చూసుకుంటే సరి. రోటరీ స్క్రీన్ (గొట్టంలా గుండ్రంగా తిరిగే జల్లెడ) మీద ముద్రించే మిల్లుకు ఇస్తే, మామూలుగా ఆ స్క్రీన్ చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. రిపీట్ ఎత్తు 64, 32, 16 ఇలా దానిలో సరిగ్గా ఇమడాలి. పెడన అచ్చు కలంకారీకి ఇవ్వాలంటే ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు చెక్కాలి. నీటిరంగు పూతలోని పల్చదనం అచ్చుకు రాదు. నీటిరంగు బొమ్మను ఎక్కడా పల్చబడని మూడు నాలుగు ఒకేతీరు రంగులుగా, గీతలు వేరుగా విడగొట్టి ఇవ్వాలి. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌కు అయితే గ్రాఫు కాగితమే దారి. నూలు కట్టి రంగు అద్దే పనిలో గుండ్రటి పూరేకు మెట్లుమెట్లుగా మారుతుంది, ఆ మెట్లను ముందే మీరు గీసి ఇస్తే నేతగాడికి సగం శ్రమ తప్పుతుంది. చీరకు ఒంటినిండా ఒకే రిపీట్ చాలదు, అంచు ఒక దిక్కునే సాగే రిపీట్, కొంగు అసలు రిపీట్ కాదు. ఈ తేడాలు చెప్పని క్లాసు పూర్తి చేసినవారు కొనేవారి ముందు నిలబడలేరు.

హక్కుల సంగతి దాదాపు ఏ క్లాసులోనూ వినపడదు. మన దేశంలో కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోదగ్గ డిజైనును నమోదు చేయకుండా వదిలేసి, మీరో మీ అనుమతితో ఇంకొకరో ఆ డిజైనుతో వస్తువును పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే, ఆ డిజైను మీద మీ కాపీరైట్ పోతుంది. డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, పొడిగించుకుంటే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. దరఖాస్తు పెట్టేనాటికి ఆ డిజైను బయటికి వచ్చి ఉండకూడదు. సంతోషం ఆపుకోలేక ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే కొత్తదనం పోయినట్టే. అమ్మదలచిన డిజైను దాచండి, సాధన బొమ్మలు పెట్టండి. వెబ్‌సైట్లలో దొరికిన పువ్వును ట్రేస్ చేసి రిపీట్ చేయడం నేర్పే పాఠాలు కూడా ఉన్నాయి. అవి నేర్చుకునేవారిని చిక్కుల్లోకి నెట్టేవి, మానేయమని వాటిని నడిపేవారిని కోరుతున్నాం. పెరట్లో మందారం ఉంది, నందివర్ధనం ఉంది, గుమ్మానికి మామిడాకు ఉంది. కోసి తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని చూసి వేయండి.

సంపాదకులకు చివరగా ఒక మనవి. ధనుర్మాసంలో తెలుగు పత్రికలు ముగ్గులు వేస్తుంటాయి. ఈసారి సందు చుక్క ముగ్గు వేసిన రోజున దాని పక్కనే అదే ముగ్గును పావువంతు తిప్పి, చుక్కల చోట చిన్న పువ్వు పెట్టి, తొమ్మిది గళ్లుగా పేర్చి అచ్చువేయండి. కింద "ఇదే హాఫ్ డ్రాప్" అని ఒక్క మాట రాయండి.

ఇట్లు,
నీటిరంగులు, బట్టల డిజైను నేర్పే కొందరు ఉపాధ్యాయులు